రాకా ఎందుకు చావడు?

మీ బాబు అడిగింది న్యాయమైన ప్రశ్నే అండీ. చాచా చౌదరి కామిక్స్‌లో చాచాకి తోడుగా ఉండే సాబూ అంత బలవంతుడు కదా, రాకాను ఒక్క దెబ్బకి చంపేయొచ్చుగా అని. చంపలేడు. బందిపోటు రాకా వైద్యుడు చక్రమాచార్య తయారుచేసిన మందు తాగేశాడు, ఇక వాడికి చావు లేదు. అందుకే చాచా చౌదరి ఏదో ఉపాయం పన్ని వాణ్ణి బంధిస్తాడు, వాడేమో ఇంకో పుస్తకంలో ఎలాగోలా బయటపడి మళ్లీ తయారు! గురుగ్రహం నుంచి వచ్చిన సాబూ కండబలం ఒక్కటే ఇక్కడ చాలదు. ఈ కామిక్స్ సృష్టించిన ప్రాణ్ గారి గడుసుతనం ఇదేనని నాకనిపిస్తుంది: కంప్యూటర్ కంటే వేగంగా పనిచేసే చాచా బుర్రకి పని పడాలంటే చావని విలనే కావాలి.

రాకా మందు తాగే కథ ముందు చదివించండి, బాబు సందేహం అక్కడే తీరిపోతుంది.