కడప ఎండకు తూటాలో పీడనం పెరుగుతుందా?

ప్రశ్న: పెద్ద జంతువుల వేటకని విదేశాల్లో సొంతంగా తూటాలు నింపుకొనేవాళ్లు ఎండాకాలంలో మందు తగ్గిస్తారట. ఎందుకు? మన కడప ఎండలోనైతే?

తుపాకీ మందు చాలావరకు వేడెక్కిన కొద్దీ త్వరగా మండుతుంది. దాంతో పీడనం, వేగం రెండూ పెరుగుతాయి. చలిలో సరిపోయిన మోతాదే మే నెలలో జీపు డ్యాష్‌బోర్డు మీద కాగిన తూటాలో హద్దు దాటొచ్చు. కాల్చాక తుపాకీ గొట్టాన్ని వెనక నుంచి మూసే బోల్టు బిగుసుకుపోతుంది, తూటా అడుగున మందును అంటించే ప్రైమర్ చదునైపోతుంది. ఇంకా ముదిరితే తుపాకే పగులుతుంది.

పాతకాలం బ్రిటిష్ వాళ్లకు ఈ తిప్పలు తెలుసు. వాళ్లు వాడిన కార్డైట్ అనే తుపాకీ మందుకు వేడి అస్సలు పడదు. అందుకే .470 నైట్రో ఎక్స్‌ప్రెస్ లాంటి పెద్ద వేట తూటాలకు కావాలనే మందు పట్టే గుల్ల పెద్దది, పీడనం తక్కువ పెట్టుకున్నారు. గుండు సుమారు 32 గ్రాములు, వేగం సెకనుకు దాదాపు 655 మీటర్లే. ఏనుగుకు అదే ఎక్కువ! మితిమీరిన వేగంతో మెత్తటి గుండు పైపైనే చితికిపోతుంది, లోపలికి దిగదు.

ఇదంతా తెలుసుకోవడానికే సుమా. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. వేటను 1972 వన్యప్రాణి చట్టం నిషేధించింది, నల్లమలైనా లంకమలైనా అంతే. అడవిపందులు శనక్కాయ చేను తవ్వేస్తుంటే అటవీ శాఖకు అర్జీ పెట్టుకోండి.