హ్యామక్ కట్టడానికి ఏ హుక్కు, ఏ బెల్టు కొనాలి?

మీరు అడిగింది ఇదీ: ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న హ్యామక్‌తో (రెండు చెట్ల మధ్య కట్టుకుని పడుకునే గుడ్డ ఊయల) పాటు రెండు ఎస్ హుక్కులు, సన్నటి తాడు వచ్చాయి, మీరు 80 కిలోలు, వికారాబాద్ వైపు క్యాంపింగ్‌కి వెళ్తున్నారు, వాటితోనే కట్టేయొచ్చా అని. వద్దండి. గుడ్డ మంచిదే అయితే ఉంచుకోండి, ఆ హుక్కులు, తాడు పక్కన పడేసి వేరేవి కొనండి.

నేను వైజాగ్‌లో కన్‌స్ట్రక్షన్ సైట్లలో రిగ్గింగ్ పని, అంటే బరువులు కట్టి పైకెత్తే పని చూసేవాణ్ణి, క్రేన్‌కి తగిలించే స్లింగులు (బరువు ఎత్తే బెల్టులు), షాకిల్స్ (పిన్నుతో మూసే యు ఆకారపు ఇనుప కొక్కేలు) రోజూ పొద్దున్నే చెక్ చేశాకే పైకి పంపేవాళ్ళం. ఇప్పుడు సెలవు దొరికితే ఫ్యామిలీతో క్యాంపింగ్‌కి పోతుంటాం, హ్యామక్ కట్టే పని నాదే, ఇంకొకళ్ళకి ఇవ్వను. సైట్‌లో అయినా అడవిలో అయినా ముందు చూడాల్సింది ఒకటే, బరువు ఎంత అన్నదానికంటే తాడు ఏ కోణంలో లాగుతోంది అన్నది.

80 కిలోల మనిషి కదా, చెరో వైపు 40 కిలోలు పడుతుంది అనుకుంటారు చాలామంది. తాళ్ళు నిట్టనిలువుగా ఉంటేనే ఆ లెక్క. హ్యామక్‌కి బెల్టు ఏటవాలుగా ఉంటుంది, అడ్డగీత నుంచి 30 డిగ్రీలు కిందికి వాలి ఉంటే ఒక్కో వైపు 80 కిలోల లాగుడు పడుతుంది. అదే 15 డిగ్రీలకి 155 కిలోలు, 10 డిగ్రీలకి 230, 5 డిగ్రీలకి 460 దాకా పోతుంది. మనిషి అదే, హ్యామక్ అదే, కట్టిన తీరు ఒక్కటే మారింది. అందుకే పక్కనున్నవాళ్ళు "ఇంకా బిగించి లాగు, కిందికి దిగిపోతోంది" అంటే అస్సలు వినకండి. మెల్లగా కూర్చుంటే ఈ లెక్క, దభీమని కూలబడితే ఆ క్షణంలో రెండింతలు దాటిపోతుంది, పిల్లలు ఎగిరి దూకడం సరేసరి.

30 డిగ్రీలు కొలవడానికి పరికరం అక్కర్లేదు. చెట్టుకి బెల్టు కట్టిన చోటు నుంచి హ్యామక్ వైపు అడ్డంగా మీటరు వచ్చేసరికి బెల్టు 58 సెంటీమీటర్లు కిందికి దిగి ఉండాలి, అంతే. మనిషి పడుకున్నాక చూడాలి సుమా, ఖాళీగా ఉన్నప్పుడు కాదు.

ఇప్పుడు మీ ఎస్ హుక్కు సంగతి. అది మూసుకోని హుక్కు, లోడు ఎక్కువైతే నోరు కొద్దికొద్దిగా తెరుచుకుంటుంది, పైకి చూస్తే తెలీదు. లోడు లేనప్పుడు అంటే మీరు లేచి మళ్ళీ కూర్చునే మధ్యలో హ్యామక్ చివరి లూప్ జారి హుక్కు కొన మీదికి వచ్చి ఆగిపోవచ్చు, అప్పుడు కూర్చుంటే మొత్తం బరువు ఆ కొన మీదే. మా ఫ్రెండ్ వాళ్ళది ఇలాగే ఊడింది, అతను కింద ఉన్న చెట్టు వేరు మీద వెన్ను ఆనేలా పడ్డాడు, చాలా రోజులు వంగలేకపోయాడు. ఆ హుక్కు చేతిలోకి తీసుకుని చూస్తే దాని మీద ఎంత బరువు మోస్తుందో ఒక్క అంకె కూడా లేదు.

ఆ అంకె కోసమే వెతకాలి అంటాను. క్లైంబింగ్ కారాబైనర్, అంటే కొండలెక్కేవాళ్ళు వాడే, స్ప్రింగు గేటుతో మూసుకునే లోహపు కొక్కెం తీసుకుంటే దాని ఒంటి మీద నిలువు బాణం గుర్తు పక్కన 20 అనో 22 అనో, అడ్డం గుర్తు పక్కన 7 అనో చెక్కి ఉంటుంది, ఇవి కిలోన్యూటన్లు, ఒక కిలోన్యూటన్ అంటే సుమారు 102 కిలోల లాగుడు. అంటే నిలువుగా లాగితే రెండు వేల కిలోల దాకా తెగదు, అడ్డంగా పడితే మూడో వంతే. కాబట్టి బరువు పడే ముందు కారాబైనర్ తిరిగిపోయి అడ్డంగా ఉందేమో, గేటు పూర్తిగా మూసుకుందో లేదో చేత్తో తడిమి చూడండి. హ్యామక్‌ల కోసమే అమ్మే 12 కిలోన్యూటన్లవి కూడా చాలు. తాళాల గుత్తికి తగిలించుకునే రంగు రంగుల కారాబైనర్లు చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటాయి, కొన్నిటి మీద ఎక్కడానికి వాడొద్దు అని ఇంగ్లీషులో రాసే ఉంటుంది, వాటిని వాటర్ బాటిల్‌కి వాడుకోండి.

తాడు బదులు పాలిస్టర్ బెల్టు, కనీసం 25 ఎంఎం వెడల్పు. నైలాన్ సాగుతుంది, తడిస్తే ఇంకా సాగుతుంది, రాత్రి కట్టింది తెల్లారేసరికి నేలకి ఆనుకుంటుంది. సన్న తాడు చెట్టు బెరడుని కోసేస్తుంది, పాపం దానికి అక్కడే ప్రాణం. పారాకార్డ్ అని అమ్మే సన్న నైలాన్ తాడు తెగే లోడే దాదాపు 250 కిలోలు, ముడి వేస్తే అందులో సగం దాకా పోవచ్చు, పైన 10 డిగ్రీల లెక్క ఓసారి చూసుకోండి.

హైదరాబాద్‌లో ఉంటే ఒక మంచి దారి ఉంది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో లిఫ్టింగ్ సామాన్ల షాపుల్లో వెబ్బింగ్ స్లింగ్ అని అడగండి, రెండు వైపులా కళ్ళు, అంటే లూపులు కుట్టిన పాలిస్టర్ బెల్టు. ఊదా రంగుది 1 టన్ను, ఆకుపచ్చ 2 టన్నులు, మనకి ఊదాది చాలు. కుట్టులో ఒక ట్యాగ్ ఉంటుంది, దాని మీద రాసింది వర్కింగ్ లోడ్, అంటే భయం లేకుండా వేయగల బరువు, తెగే లోడ్ దానికి ఏడు రెట్లు ఉండేలా తయారు చేస్తారు. చెట్టు చుట్టూ తిప్పి ఒక కంట్లోంచి ఇంకో కన్ను దూర్చి బిగిస్తే 80 శాతానికి తగ్గుతుంది, అంటే 800 కిలోలు, అయినా భేషుగ్గా సరిపోతుంది. ట్యాగ్ లేని స్లింగ్ ఎంత కొత్తగా మెరుస్తున్నా తీసుకోవద్దు. బ్యాగులో కొంచెం బరువే, కారులో వెళ్ళేవాళ్ళకి ఇబ్బంది లేదు. షాపువాళ్ళు ఏ వస్తువుకైనా "రెండొందల కిలోలు మోస్తుంది సార్" అంటే, అది వర్కింగా, తెగేదా అని అడగండి, ఆ రెండిటికీ చాలా తేడా. లారీ మీద సరుకు బిగించే రాట్చెట్ బెల్టు మాత్రం వద్దు, అది అడ్డంగా తీగలాగా బిగిస్తుంది, కోణం మొత్తం పోతుంది.

కారాబైనర్ దొరక్కపోతే అక్కడే 8 ఎంఎం బో షాకిల్ తీసుకోండి, 0.75 టన్ను అని దాని ఒంటి మీద అచ్చు ఉండాలి. పిన్ను పూర్తిగా తిప్పి, ఊగినప్పుడు వదులు కాకుండా చిన్న బైండింగ్ వైరుతో కట్టేయండి.

ఇంత మంచి సామాను కొని మునగ చెట్టుకి కడితే ఏం లాభం. బతికున్న చెట్టు, మాను అడ్డంగా కొలిస్తే (చుట్టుకొలత కాదు) 20 సెంటీమీటర్లకి తక్కువ లావు ఉండకూడదు, వేప, చింత, మామిడి అయితే నిశ్చింత. చెదలు పట్టిందీ, ఎండిపోయిందీ వద్దు. తలెత్తి పైన ఎండు కొమ్మలేమైనా ఉన్నాయా చూడండి, కొబ్బరి చెట్ల కింద అయితే కాయల సంగతి మీకు తెలుసు. రిసార్టుల్లో గేటు పక్కన ఇటుక స్తంభాలు కనపడతాయి, దయచేసి వాటికి కట్టొద్దు. ఇటుక స్తంభం పైనుంచి పడే బరువుని మోస్తుంది కానీ పక్కకి లాగితే తట్టుకోలేదు, కూలితే పడుకున్నవాళ్ళ మీదే కూలుతుంది. ఈ ఒక్కటీ ఎంత చెప్పినా తక్కువే.

కూర్చున్నాక నేలకి 45 సెంటీమీటర్ల కంటే ఎత్తు ఉండకూడదు, కింద రాళ్ళు, మొద్దులు తీసేయండి. ముందు గుడ్డని రెండు చేతులతో కిందికి నొక్కి వేలాడి చూసి, ఆ తర్వాతే కూర్చోండి. బెల్టు అంచు చీలినా, కుట్టు ఊడినా, ఎండకి రంగు వెలిసి గరుకుగా అయినా మార్చేయండి. కొనే ముందు అచ్చు అంకె కనపడేలా ఫొటో పెడితే చూసి చెప్తాను.