ఇల్లు తాకట్టు పెట్టి ర్యాలీకి వెళ్తానంటున్నారు

ప్రశ్న: నా వయసు 33. మావారు ర్యాలీ (కార్ల పోటీ) డ్రైవర్. ఆ సంగతి తెలిసే, ఇష్టపడే పెళ్లి చేసుకున్నాను. మాకు ఆరేళ్ల బాబు. కిందటి సీజన్‌లో కారు పల్టీలు కొట్టింది. ఆయన చిన్న గాయాలతో బయటపడ్డారు కానీ, పక్క సీట్లో కూర్చుని దారి చెప్పే కో-డ్రైవర్‌కి వెన్నెముక దెబ్బతింది. తర్వాత స్పాన్సర్ తప్పుకున్నారు. ఇప్పుడు ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది. ఈ ఏడాది ఎలాగైనా పోటీలో ఉండాలని, ఇల్లు తాకట్టు పెట్టి కారు అద్దెకు తీసుకుంటానంటున్నారు. నోరు తెరిస్తే గొడవ. వద్దంటే ఆయన కలను చంపినదాన్నవుతానేమో! ఊరుకుంటే నాకు నిద్ర పట్టదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో రెండు భయాలు కలగలిసిపోయి ఉన్నాయి. ఒకటి ఆయన ప్రాణం గురించి, రెండోది ఇంటి గురించి. మీ గొడవలు ఎలా నడుస్తాయో ఊహించగలను. మీరు అప్పు సంగతి ఎత్తుతారు. ఆయన ‘కారు లోపల ఇనుప చట్రం, అదే రోల్ కేజ్ ఉంది, హెల్మెట్ ఉంది, నాకేం కాదు’ అంటారు. మీరు ప్రమాదం మాట ఎత్తితే ‘ఈ ఒక్క సీజన్ బాగా చేస్తే స్పాన్సర్ తిరిగొస్తాడు’ అంటారు. ఇలా ఎంతసేపు మాట్లాడినా ఏదీ తేలదు. అందుకే ఈ రెండూ ఒకే రోజు మాట్లాడకండి. ఆయన కారెక్కాలా వద్దా అనేది చివరికి ఆయన నిర్ణయం. ఇల్లు తాకట్టు పెట్టడం మాత్రం ఆయన ఒక్కరి నిర్ణయం కాదు. అక్కడ మీరు నిస్సంకోచంగా వద్దనవచ్చు. నా సలహా కూడా అదే, సంతకం పెట్టకండి.

ఎందుకంటే ఈ వృత్తిలో జీతం తీసుకుని కారు నడిపేవాళ్లు చాలా తక్కువ. ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్ స్థాయిలో కూడా కంపెనీ జట్ల సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. మిగతావాళ్లలో చాలామంది స్పాన్సర్ డబ్బుతోనో సొంత డబ్బుతోనో సీటు సంపాదించుకుంటారు. కారు అద్దె ఒక్కటే కాదు. టైర్లు, ఇంధనం, మెకానిక్కులు, ప్రయాణాలు, రెక్కీ (పోటీకి ముందు దారి చూసుకోవడం) ఖర్చు ఉంటాయి. అద్దె కారు దెబ్బతింటే ఆ నష్టంలో పెద్ద భాగం డ్రైవర్ మీదే పడవచ్చు. ఒక్క పల్టీతో సీజన్ డబ్బంతా పోవచ్చు. సీజన్ ముగియకముందే డబ్బు అయిపోతే ఇల్లు తాకట్టులో ఉంటుంది, చేతిలో ఫలితం ఉండదు.

‘ఈ ఏడాది ఆగితే నా పని అయిపోయినట్టే’ అని ఆయన అంటూ ఉండవచ్చు. ఆగితే అవకాశాలు తగ్గుతాయన్నది నిజమే, దాన్ని కొట్టిపారేయకండి. కానీ ఈ ఆటలో వయసు అంత తొందరగా తలుపు మూసేయదు. ప్రపంచ చాంపియన్ సెబాస్టియన్ లోబ్ 2022లో మోంటే కార్లో ర్యాలీ గెలిచినప్పుడు ఆయన వయసు 47. ఆ రోజు ఆయన పక్కన కో-డ్రైవర్‌గా కూర్చుని మలుపుల నోట్స్ చదివిన ఇసాబెల్ గాల్మిష్ వృత్తిరీత్యా లెక్కల టీచరు. లోబ్ అంతటివాడి సంగతి వేరే అంటారా? సరే, ఆ టీచరు మాటేమిటి? ఇంకో ఉద్యోగం చేసుకుంటూ ఈ ఆటలో ఉండటం ఓటమి కాదని మీవారికి మరొకరి ద్వారానైనా తెలియాలి. కుర్ర డ్రైవర్లకు శిక్షణ ఇవ్వడం, కార్లను నడిపి పరీక్షించే టెస్టింగ్ చేయడం, తారు రోడ్ల ర్యాలీల్లో స్టేజీ (టైమ్ లెక్కగట్టే దారి భాగం) మొదలయ్యే ముందు వెళ్లి రోడ్డు ఎలా ఉందో చూసి జట్టుకు చెప్పడం, ఇవన్నీ అనుభవం ఉన్న డ్రైవర్లు చేసే పనులే.

ఇక ప్రాణభయం. ఏం కాదులే అని మీకు నేను చెప్పను. రోల్ కేజ్, సీటు బెల్టులు, మెడను కాపాడే హాన్స్ పరికరం ఎంతోమందిని బతికించాయి. అయినా ర్యాలీ జరిగేది మామూలు రోడ్ల మీద. పక్కనే చెట్లుంటాయి, రాళ్లుంటాయి. ర్యాలీ డ్రైవర్ క్రెయిగ్ బ్రీన్ 2023లో చనిపోయింది పోటీలో కూడా కాదు, దానికి ముందు టెస్టింగ్‌లో. మీ భయం పిరికితనం కాదు. ‘మానేయండి’ అనకుండా ‘నాకు భయంగా ఉంది’ అని మాత్రమే చెప్పి చూడండి. మొదటిదానికి ఆయన వాదిస్తారు. రెండోదానికి వాదించడానికి ఏమీ ఉండదు. దాంతోపాటు డాక్టరు పూర్తిగా ఓకే అనాలని, మీకూ బాబుకూ రక్షణగా బీమా ఉండాలని, అది పోటీలో జరిగే ప్రమాదానికి వర్తిస్తుందో లేదో కాగితం మీద చూపించాలని అడగండి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఆ కో-డ్రైవర్. ఆయన గురించి మీవారు ఏమనుకుంటున్నారో మీరు రాయలేదు. బహుశా ఆయన మీకు చెప్పి ఉండరు. వాళ్లిద్దరి బంధం ఎలాంటిదో మీకు తెలుసు. రెక్కీలో మెల్లగా వెళ్తూ డ్రైవర్ ఒక్కో మలుపూ చెబుతుంటే, కో-డ్రైవర్ పుస్తకంలో పెన్సిల్‌తో రాసుకుంటాడు. రెండోసారి వెళ్లినప్పుడు చెరిపి దిద్దుకుంటాడు. పోటీలో ‘ఎడమ నాలుగు (మలుపు వంపును చెప్పే అంకె), క్రెస్ట్ (రోడ్డు మిట్ట) మీదుగా, కట్ చేయొద్దు (మలుపు లోపలి అంచు మీదకు వెళ్లొద్దు)’ అని ఆ గొంతు చెబితే, అవతల ఏముందో కనిపించకపోయినా డ్రైవర్ వేగం తగ్గించడు. అలాంటి మనిషి మంచాన పడి, తాను మాత్రం లేచి తిరుగుతుంటే లోపల ఎంత బరువుంటుందో ఆలోచించండి. కొందరు ఆ బరువు మోయలేక ఆట వదిలేస్తారు. కొందరు తప్పు తమది కాదని నిరూపించుకోవాలని వెంటనే కారెక్కేస్తారు. మీవారి తొందర అలాంటిదేనేమో అని నా అనుమానం. నిద్రలో ఉలిక్కిపడటం, ప్రమాదం మాట రాగానే లేచి వెళ్లిపోవడం, చిన్నదానికే చిరాకు పడటం ఉంటే సైకాలజిస్టు దగ్గరకు వెళ్లాల్సిందే. క్రీడాకారులతో పనిచేసినవాళ్లయితే ఇంకా మంచిది.

బాబు ముందు ఈ గొడవలు వద్దు. కారు పల్టీ కొట్టిందని, అంకుల్‌కి దెబ్బ తగిలిందని వాడికి అర్థమయ్యే మాటల్లో మీరే చెప్పండి. ఆయన మళ్లీ పోటీకి వెళ్తే జట్టులో ఒకరిని అడిగి పెట్టుకోండి, ఏం జరిగినా ముందు ఫోన్ మీకే రావాలని. ఫోన్‌లో స్టేజీ టైమ్ రాకుండా ఆగిపోయిన ఆ కొన్ని నిమిషాల టెన్షన్ ఎవరూ ఒంటరిగా పడకూడదు.

డబ్బు లెక్కలకు ఇంకో రోజు పెట్టుకోండి. ముందు ఈ ఆదివారం మీరిద్దరూ కలిసి కో-డ్రైవర్ ఇంటికి వెళ్లిరండి. మీరు ఆయన భార్యతో కాసేపు కూర్చోండి, వాళ్లిద్దరినీ మాట్లాడుకోనివ్వండి.