మీ నాన్న బండికి చార్జింగ్ వైరింగ్ వేయబోయే ముందు

చిరంజీవి హారికకు, పెదనాన్న ఆశీస్సులు.

మీ నాన్న పాత మోటారు సైకిలు చార్జింగ్ వైరింగ్ మొత్తం విప్పి, ఇంజను పుట్టించే కరెంటు మొత్తాన్ని బ్యాటరీకి తగ్గట్టు మార్చే ఫుల్‌వేవ్ రెగ్యులేటర్ పెట్టి కొత్తగా వేయబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆవిడ చెప్పింది ఫిర్యాదుగానే, నేను మాత్రం పొంగిపోయాను. మన ఇంట్లో నా తర్వాత స్క్రూడ్రైవర్ సరిగ్గా పట్టుకునే మనిషి ఒకరున్నారన్నమాట! ఫోను పెట్టేశాక ఇక నిద్ర పట్టలేదు. నీకు చేతకాదని కాదు. ఆ బండిలో బ్యాటరీకీ పెట్రోలు ట్యాంకుకూ మధ్య ఎంత తక్కువ చోటుందో నాకు తెలుసు. అందుకని ఈ ఉత్తరం.

ముందు నా భయాలు తీర్చు. ట్యాంకు కుళాయి కట్టేస్తే చాలదు. ట్యాంకునే విప్పి, పని జరిగే చోటికి దూరంగా పెట్టు. చేతికి ఉంగరం, గాజులు, లోహపు పట్టీ ఉన్న గడియారం ఏవున్నా తీసేయి. పన్నెండు వోల్టులు షాకు కొట్టవు కాబట్టి చాలామంది వాటిని లెక్కచేయరు. కానీ బ్యాటరీ పాజిటివ్‌కూ ఫ్రేముకూ మధ్య ఉంగరం అడ్డుపడితే వంద ఆంపియర్లు కూడా పారగలవు. ఉంగరం ఎర్రగా కాలడానికి క్షణం చాలు, దాని లోపల ఉండేది నీ వేలు. విప్పేటప్పుడు నెగెటివ్ ముందు, బిగించేటప్పుడు నెగెటివ్ చివర. అప్పుడు పాజిటివ్ విప్పుతుండగా స్పానర్ ఫ్రేముకు తగిలినా ఏమీ కాదు. (రేపు ఎవరిదైనా పాత బ్రిటిష్ బండి ముట్టుకుంటే ముందు చూసుకో. వాటిలో చాలావాటికి పాజిటివ్ ఎర్త్, అంటే ఫ్రేముకు కలిసేది పాజిటివ్. అక్కడ ఈ వరస తిరగబడుతుంది.)

ఫొటోలు తీయడం, తీగలకు చీటీలు కట్టడం నీకు చెప్పనక్కర్లేదు. రంగులను మాత్రం నమ్మకు. ఆ బండి వైరింగులో మీ నాన్న చేతికి ఏ రంగు దొరికితే ఆ రంగు తీగ ఉంటుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. నువ్వు ఇప్పుడు చేయబోతున్న పనే మీ నాన్న నీ పుట్టుకకు ముందు ఒకసారి చేశాడు. అడిగితే అలా జరగలేదంటాడు. అడగడం ఎందుకులే, నేనే చెబుతాను.

ఆ బండిలో మాగ్నెట్ తిరుగుతుంటే కరెంటు పుట్టించే కాయిల్ నుంచి బయటికి వచ్చే తీగ ఒక్కటే. రెండో కొస లోపలే, కాయిల్ బిగించిన ప్లేటుకు ఎర్త్ అయి ఉంటుంది. కాయిల్‌లో పుట్టేది ఏసీ, అంటే అటూ ఇటూ దిశ మార్చుకునే కరెంటు. హెడ్‌లైటు నేరుగా ఆ ఏసీ మీదే వెలుగుతుంది. అందుకే ఇంజను నెమ్మదిగా తిరుగుతుంటే మిణుకుమిణుకుమంటుంది, యాక్సిలరేటర్ ఇస్తే వెలుగుతుంది. కరెంటును ఒక్క దిశలోనే పోనిచ్చే డయోడ్ ఒకటి ఆ ఏసీలో సగాన్ని బ్యాటరీకి పంపుతుంది. హారనుకూ ఇండికేటర్లకూ అంతే చాలు. ఆ మిణుకు వెలుగు మీ నాన్నకు నచ్చలేదు. ఫుల్‌వేవ్ రెగ్యులేటర్ పెడితే వృథాగా పోయే రెండో సగం కూడా వస్తుందని ఎవరో చెప్పారు. ఆ మాట నిజమే. తెచ్చాడు. దానికి ఏసీ తీగలు రెండున్నాయి, కాయిల్ నుంచి వచ్చేది ఒక్కటే. మరి రెండోది ఎక్కడ కలపాలి? కాయిల్ రెండో కొస ఇంజనుకు ఎర్తే కదా అని దాన్ని ఫ్రేముకు కలిపాడు. రెగ్యులేటర్ నెగెటివ్ కూడా ఫ్రేముకే కలిపాడు.

బండి స్టార్టు చేసి, లైటు ఆర్పి చూస్తే మీటరు ముల్లు కాస్త లేచింది. నన్ను పిలిచి మరీ చూపించాడు. పూర్తిగా పని చేయకపోయి ఉంటే ఆ సాయంత్రమే విప్పేవాడు. కొద్దో గొప్పో పని చేయడమే కొంప ముంచింది.

రెగ్యులేటర్ లోపలి నాలుగు డయోడ్లూ కాగితం మీద గీసి చూడు, నీకే తెలుస్తుంది. కాయిల్ బయటి కొస పాజిటివ్‌గా ఉన్నంతసేపు కరెంటు బ్యాటరీకి వెళుతుంది. అదే కొస నెగెటివ్ అయినప్పుడు, ఫ్రేము నుంచి రెగ్యులేటర్ నెగెటివ్‌లోకి, అక్కడి డయోడ్ గుండా తిరిగి కాయిల్‌లోకి అడ్డదారి దొరుకుతుంది. అంటే ప్రతి చక్రంలో సగం సేపు కాయిల్ తన్ను తానే షార్టు చేసుకుంటుంది. ఈ దారిలో బ్యాటరీ లేదు, కాబట్టి ఫ్యూజ్ కూడా లేదు. ఫ్యూజ్ చెక్కుచెదరలేదు కదా అని మీ నాన్న నిశ్చింతగా తిరిగాడు. బ్యాటరీ డీలా పడుతుంటే బ్యాటరీని తిట్టి కొత్తది వేశాడు. రెగ్యులేటర్ చేయి పెట్టలేనంత వేడెక్కుతుంటే, వాటికి అది మామూలే అన్నాడు. చివరికి ఏదో మాడిన వాసన వస్తోందని నా దగ్గరికి తెచ్చాడు.

మాగ్నెట్ కవరు విప్పాను. కాయిల్ మీది వార్నిష్ తేనె రంగులో ఉండాలి, బొగ్గులా నల్లబడి ఉంది. గోరు తగిలిస్తే పెళుసుగా రాలి, అడుగున రాగి బయటపడింది. మీ నాన్న పక్కన నిలబడి, 'ఫ్యూజ్ పోలేదే అన్నయ్యా' అని ఒకటే మాట. నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది.

కాయిల్ చుట్టించి, ఎప్పటిలా ఒక్క డయోడ్‌తోనే కలిపి ఇచ్చాను. అంటే ఆ రెండో కొస ఇప్పటికీ ప్లేటుకే ఎర్త్ అయి ఉంది తల్లీ! కొత్త రెగ్యులేటర్ కలిపే ముందు చేయాల్సిన పని అదే. ప్లేటు బయటికి తీసి, ఆ కొసను విడదీసి, వేడికీ ఆయిలుకూ తట్టుకునే తీగ అతికి, మొదటి తీగ పక్కనే బయటికి తీసుకురా. అతుకు మీద స్లీవ్ వేసి, కదలకుండా కట్టు. తిరిగే మాగ్నెట్‌కు తగిలిందంటే అంతే. తర్వాత మీటరు పెట్టి చూడు. రెండు తీగల మధ్య కొద్దిపాటి రెసిస్టెన్సు కనబడాలి, ఏ తీగకూ ఇంజనుతో సంబంధం ఉండకూడదు. ఈ రెండో పరీక్ష రెండుసార్లు చేయి. నా కోసం.

కొస విడదీశాక హెడ్‌లైటు ఇక ఏసీ మీద వెలగదు, ఫ్రేము గుండా తిరిగి కాయిల్‌కు చేరే దారి పోతుంది కదా. దాన్ని బ్యాటరీ వైపుకు మార్చాలి. అప్పుడు లెక్క వేసుకో. అరవై వాట్ల బల్బు పన్నెండు వోల్టుల దగ్గర ఐదు ఆంపియర్లు తాగుతుంది. ఆ పాత కాయిల్ అంత ఇవ్వలేదు, నెమ్మది వేగంలో అసలే ఇవ్వలేదు. ఎల్‌ఈడీ దీపం వేసుకో, లేదా తక్కువ వాట్ల బల్బు.

రెగ్యులేటర్ నెగెటివ్‌ను రంగు పూసిన ఫ్రేముకు బిగించి వదిలేయకు. బ్యాటరీ నెగెటివ్ దాకా విడిగా తీగ లాగు. వెళ్లే తీగ మీద చూపించే శ్రద్ధ తిరిగి వచ్చే తీగ మీద ఎవరూ చూపించరు, సగం రోగాలు అక్కడే. ఆ రెండు తీగలూ 2.5 చదరపు మిల్లీమీటర్లవి, సన్నని పోగులవి తీసుకో. ఇళ్లలో గోడల్లో వేసే ఒంటి కడ్డీ తీగ అదురుకు విరుగుతుంది. తీగ కొసలకు తొడిగే లగ్గులు సరైన ప్లయరుతో నొక్కి, గట్టిగా లాగి చూడు. ఊడితే ఇప్పుడే ఊడనీ. హ్యాండిల్ మెడ దగ్గర తీగలు కాస్త వదులుగా ఉంచి, హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడు.

ఫ్యూజ్ బ్యాటరీ పాజిటివ్‌కు బెత్తెడు దూరంలోనే ఉండాలి. దాని దాకా వచ్చే తీగకు కాపలా ఎవరూ ఉండరు. ఫ్యూజ్ పోతే ఎందుకు పోయిందో వెతుకు. దాని బదులు సిగరెట్ పెట్టె రేకు చుట్టావని తెలిస్తే నేను నీతో మాట్లాడను. చిన్నప్పుడు నా పని దగ్గర టార్చి పట్టమంటే వెలుగంతా నా ముఖం మీద కొట్టేదానివి. అప్పుడు విసుక్కున్నాను కానీ ఒక్క మాట అన్లేదు. ఈ విషయంలో మాత్రం అంటాను.

అంతా బిగించాక, బండి ఆపి ఉన్నప్పుడు నిండా చార్జి అయిన బ్యాటరీ 12.6 వోల్టుల దాపున ఉండాలి. ఇంజను మధ్య వేగంలో, లైటు వెలుగుతుండగా 13.8 నుంచి 14.5 మధ్య. 15 దాటితే వెంటనే ఆపేయి, యాసిడ్ ఉడికిపోతుంది. బ్యాటరీ తీసేసి ఇంజను మాత్రం నడపకు, వోల్టేజీ అదుపు తప్పి రెగ్యులేటరూ దీపాలూ పోవచ్చు. ఇంజను తిరుగుతుండగానే మీటరు తీగల్లో ఒకదాని మొన రెగ్యులేటర్ పాజిటివ్ మీద, రెండోది బ్యాటరీ పాజిటివ్ మీద పెట్టు. 0.2 వోల్టుల కన్నా ఎక్కువ చూపిస్తే దారిలో ఎక్కడో అతుకు బాగాలేదు. నెగెటివ్ వైపూ అలాగే.

ఈ అంకెలన్నీ ఒక కాగితం మీద రాసి నాకు ఫొటో పంపు. కాయిల్‌కు, ఇంజనుకు మధ్య చూసిన రీడింగు అందులో మొదటి వరుసలో ఉండాలి.

ఇట్లు,
మీ పెదనాన్న

తా.క.: మీ నాన్న సాయం చేస్తానంటే టార్చి ఇవ్వు. మీటరు ఇవ్వకు.