ఊసరవెల్లికి కొత్త పురుగులు పెట్టబోయే ముందు

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

నీ ఊసరవెల్లికి ఇకమీదట కీచురాళ్లతోనే సరిపెట్టకుండా, రకరకాల పురుగులు తెప్పించి పెట్టాలనుకుంటున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. విన్నప్పటి నుంచి నా మనసు ఒకచోట నిలవడం లేదు. మన కుటుంబంలో మూడో తరం కూడా ఈ జీవి తిండి గురించి ఇంత శ్రద్ధగా ఆలోచిస్తున్నందుకు గర్వంగా ఉంది. ఆ ఉత్సాహంలో తొందరపడతావేమోనని భయంగానూ ఉంది. ఫోనులో చెబితే సగం గాలికి పోతుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

పురుగు పొడవు ఊసరవెల్లి రెండు కళ్ల మధ్య వెడల్పును మించకూడదని నీకు తెలుసు. తినగా మిగిలిన కీచురాళ్లను రాత్రికి పంజరంలో వదిలేస్తే నిద్రపోతున్న ఊసరవెల్లిని కొరుకుతాయనీ తెలుసు. వాటి గురించి ఇంతకు మించి రాయను.

నీకు తెలియవలసిన సంగతి ఇది. కీచురాయి గాని, బొద్దింక గాని, మీల్‌వర్మ్ అనే పెంకుపురుగు పిల్ల గాని, మేత కోసం పెంచే పురుగుల్లో దాదాపు అన్నింటిలోనూ కాల్షియం తక్కువ, ఫాస్ఫరస్ ఎక్కువ. ఊసరవెల్లికి కావలసింది సరిగ్గా దీనికి తలకిందులు, అంటే ఫాస్ఫరస్ కన్నా కాల్షియం ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉండాలి. ఒక లోటున్న పురుగు పక్కన అదే లోటున్న మరో మూడు రకాలను చేర్చినంత మాత్రాన ఆ లోటు తీరదు. అందుచేత వైవిధ్యం అనేది ముందుగా పురుగుల గిన్నెలో మొదలుకావాలి. ఊసరవెల్లికి పెట్టబోయే ముందు 24 నుంచి 48 గంటల పాటు వాటికి ఆవాకు, మల్బరీ ఆకు, క్యారెట్, గుమ్మడి, చిలగడదుంప, నారింజ ముక్కలు మార్చి మార్చి వెయ్యి. పాలకూరలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు కనుక దానిని మానెయ్యి. కుక్కల, పిల్లుల మేతను పొడి చేసి పురుగులకు వేస్తే చాలునని ఎవరైనా చెబితే వినకు. అందులో మాంసకృత్తులు, ఎ, డి విటమిన్లు ఊసరవెల్లికి తగని మోతాదులో ఉంటాయి. ఆకలితో మాడిన కీచురాయి ఖాళీ పొట్లం వంటిది, దానిని ఎన్ని పెట్టినా ఒంటికి పట్టేది తక్కువే.

ఇక రకాల సంగతి. బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే నల్ల ఈగ పిల్లపురుగులలో మాత్రం కాల్షియం సహజంగానే ఎక్కువ కాబట్టి వాటిని తప్పక చేర్చు. పట్టుపురుగులు మెత్తనివి, కొవ్వు తక్కువ, సులువుగా అరుగుతాయి. హార్న్‌వర్మ్ అనే పెద్ద పచ్చటి గొంగళిపురుగు ఒంట్లో ఎక్కువ భాగం నీరే గనుక ఎండకాలంలో మంచిది, కానీ పెంపకందారుల దగ్గర కొన్నదే పెట్టు. పొగాకు మొక్కల మీదో, టమాటా మొక్కల మీదో పెరిగిన వాటి ఒంట్లో ఆ మొక్కల విషం ఉంటుంది. డూబియా బొద్దింకలు నున్నటి గోడలు ఎక్కలేవు, కనుక లోతైన గిన్నెలో వేసి కొమ్మకు కట్టవచ్చు, నేల మీద వదిలితే మాత్రం దాక్కుంటాయి. అప్పుడప్పుడు ఈగలను కూడా ప్యూపాల (గూటి దశలోని ఈగ పిల్లల) నుంచి పొదిగించి వదులు. ఎగిరే ఈగను ఒక కంటితో వెంబడిస్తూ, మెల్లగా రెండో కన్నును కూడా దాని మీదికి తిప్పి, అడుగు ముందుకు వేసి ఆగిపోయే ఊసరవెల్లిని చూస్తే, గిన్నెలో తినే జీవి ఇదేనా అనిపిస్తుంది. మీల్‌వర్మ్‌లు, వాటిలాగే ఉండే ఇంకా పెద్దవైన సూపర్‌వర్మ్‌లు కొవ్వు పట్టిస్తాయి, వాటిని రోజూ పెట్టవద్దు. వాక్స్‌వర్మ్‌ల గురించి మాత్రం కాస్త ఎక్కువగా రాయాలి, ఓపికగా చదువు.

మీ తాతయ్య ఎంత జాగ్రత్తపరులో నీకు తెలుసు. పంజరం దీపం ఎన్ని గంటలు వెలిగిందో పుస్తకంలో రాసుకునే మనిషి. అటువంటి ఆయన కూడా ఒకసారి మార్పు కోసమని వాక్స్‌వర్మ్‌లు తెచ్చారు. ఒక రెక్కల పురుగు పిల్లలవి, తేనెపట్టులోని మైనాన్ని తిని బతుకుతాయి, తెల్లగా, బొద్దుగా ఉంటాయి. మన ఊసరవెల్లికి అవి ఎంత నచ్చాయంటే, ఆయన గదిలోకి వచ్చే సరికి పై కొమ్మ దిగి గిన్నె దగ్గర కాచుకునేది. ఆయన దానిని ప్రేమ అనుకున్నారు. కొన్నాళ్లకు అది కీచురాళ్లను చూసి మొహం తిప్పుకోసాగింది. ‘పాపం, ఇష్టం లేనిది ఎందుకు పెట్టాలి’ అని ఆయన వాటిని తగ్గించారు, తర్వాత మానేశారు. తింటున్నది కదా, ఒళ్లు నిండుగా ఉన్నది కదా అని ఇంట్లో అందరమూ సంతోషించాం.

మొదట తేడా కనిపించింది నాలుకలో. ఒక పూట చూస్తుండగానే అది గురి చూసి నాలుక విసిరింది. నాలుక కొస పురుగు వీపుకు తగిలి, పట్టు చిక్కక, ఖాళీగా వెనక్కి వచ్చింది. మళ్లీ విసిరింది, మళ్లీ అంతే. పురుగు ఆకు మీద తన దారిన తాను పాకుతూనే ఉంది. మరికొన్నాళ్లకు పట్టపగలే ఒక కన్ను మూసి ఉండడం మొదలైంది, రెప్ప ఉబ్బింది. పశువైద్యుడు చూసి ఎ విటమిన్ లోపమన్నాడు. ఆ లోపంతో నాలుక కొసన ఉండవలసిన జిగురు తగ్గుతుందని, కళ్లు ఉబ్బుతాయని, కుబుసం సరిగా విడవదని వివరించాడు. మందు కొలిచి ఇచ్చాడు. కానీ తిండి మార్చడం మా పనే అయ్యింది. వాక్స్‌వర్మ్‌లు ఆపేసిన తర్వాత అది పంతం పట్టి, వేరే ఏదీ ముట్టకుండా కూర్చుంది. మీ తాతయ్య కూడా సరిగా అన్నం తినలేదు, రాత్రిళ్లు లేచి దాని గది తలుపు దగ్గర నిలబడేవారు. చివరికి పచ్చటి హార్న్‌వర్మ్ ఒకటి కళ్ల ముందు కదులుతుంటే దానికి ఆశ పుట్టింది. కన్ను తెరుచుకుంది గాని, నాలుక గురి మునుపటిలా రాలేదు. తుదివరకూ గిన్నెను దగ్గరగా పట్టుకుని ఆయనే తినిపించారు.

ఆయనను తప్పుపట్టాలని ఇదంతా రాయలేదు తల్లీ. నీ చెయ్యి కూడా ఆయన చెయ్యి వంటిదే, ఎవరు అలిగినా ముందు నీవే కరుగుతావు. అందుకే హెచ్చరిస్తున్నాను. ఊసరవెల్లి ఆత్రంగా తిన్నదల్లా దానికి మేలు చేసేది కాదు. వాక్స్‌వర్మ్‌ను జబ్బు పడి లేచినప్పుడో, మందు మింగించవలసినప్పుడో ఒకటీ రెండూ పెట్టు. కొత్త పురుగును చూసి అది మొహం తిప్పుకుంటే బెంగపడకు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద ఊసరవెల్లి, నీళ్లు అందుతున్నంతవరకు, నాలుగైదు రోజులు తినకపోయినా ప్రమాదం లేదు. ఒకేసారి నాలుగు రకాలు తెచ్చి కుమ్మరించకు. ఒక రకం అలవాటు చేసి, అరిగిన తీరు చూసి, ఆ తర్వాత రెండోది మొదలుపెట్టు.

నాకు అన్నింటికన్నా భయం తోటలో పట్టిన పురుగులంటే. ఎక్కడ ఏ మందు చల్లారో పురుగును చూస్తే తెలియదు. ముఖ్యంగా మిణుగురులను ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకు. వాటి ఒంట్లోని లూసిబుఫాజిన్లు అనే విషాలు గుండెను దెబ్బతీస్తాయి, ఒక్క మిణుగురును మింగి పెంపుడు బల్లిజాతి జీవులు చనిపోయిన సంగతి వైద్యులు నమోదు చేశారు. సాయంత్రం దీపం దగ్గరకు వచ్చిన పురుగు పొరపాటున పంజరంలో దూరకుండా కిటికీకి దోమతెర వేయించు. ఈ ఒక్క పని నా కోసమైనా చెయ్యి.

పొడుల విషయంలో కూడా చేతికి అడ్డూ ఆపూ ఉండాలి. డి3 విటమిన్ లేని కాల్షియం పొడిని దాదాపు ప్రతి మేతకూ పలుచగా అద్దు. డి3, ఎ విటమిన్ కలిసిన పొడిని నెలకు రెండుసార్లకు మించనివ్వకు, ఆ రెండూ ఒంట్లో పేరుకుని విషమవుతాయి. ఎముకకు కాల్షియం పట్టడానికి కావలసిన అతినీలలోహిత కిరణాలనిచ్చే యూవీబీ దీపం పాతబడితే వెలుగు కనిపిస్తూనే ఉన్నా యూవీబీ తగ్గిపోతుంది, అప్పుడు ఎన్ని రకాల పురుగులు పెట్టినా కాల్షియం ఎముకకు పట్టదు, ముంగాళ్లు వంగిపోతాయి.

నీది వెయిల్డ్ అనే జాతి ఆడ ఊసరవెల్లి కాబట్టి మరొక మాట. మగది తోడు లేకపోయినా అది గుడ్లు పెడుతుంది. మేత ఎక్కువైతే గుడ్లూ ఎక్కువవుతాయి, అవి లోపలే ఇరుక్కుంటే ప్రాణం మీదికి వస్తుంది. కొత్త రకాలు తెచ్చావు కదా అని మోతాదు పెంచకు. పెరిగిన ఆడదానికి రోజు విడిచి రోజు, మూడు నాలుగు పురుగులు చాలు. పంజరంలో తడి ఇసుక తొట్టె ఎప్పుడూ ఉంచు.

గ్రాములలో తూచే చిన్న త్రాసు ఒకటి కొని, కొత్త మేత మొదలుపెట్టే ముందు ఒకసారి, తర్వాత వారానికి ఒకసారి అదే వేళకు దానిని తూచి రాసిపెట్టు. వరుసగా రెండు వారాలు బరువు తగ్గినా, నాలుక విసురు తప్పినా, పగటిపూట కన్ను మూసినా, నాకు ఫోను చేసే ముందే పశువైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లు. మొదటి వారం తూకం మాత్రం నాకు రాయడం మరవకు.

ఆశీస్సులతో,
నీ అత్తయ్య