ఫ్యాన్ ఫిల్మ్‌లూ కాపీరైటూ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మేం నలుగురం ఇంజనీరింగ్ విద్యార్థులం. స్టార్ వార్స్ కథాలోకంలో జరిగే 20 నిమిషాల సినిమాను తెలుగులో తీసి యూట్యూబ్‌లో పెట్టాలని స్క్రిప్టు రాసుకున్నాం. పైసా సంపాదించే ఉద్దేశం లేదు కనుక కాపీరైటు చిక్కు రాదని మావాళ్లు అంటున్నారు. నిజమేనాండీ?
– ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: సగమే నిజం. డబ్బు తీసుకోకపోతే చిక్కు వచ్చే అవకాశం తగ్గుతుంది గానీ, అంతమాత్రాన మీకు హక్కు పుట్టదు. మన 1957 నాటి కాపీరైటు చట్టం 52వ సెక్షనులో వ్యక్తిగత వినియోగానికీ, పరిశోధనకూ, విమర్శకూ, సమీక్షకూ, వర్తమాన విషయాల వార్తలకూ మినహాయింపులు ఉన్నాయి. అభిమానంతో తీసి లోకానికి చూపించే సినిమా ఆ జాబితాలో లేదు. తెలిసి చేసిన ఉల్లంఘనకు 6 నెలల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, జరిమానా విధించవచ్చునని 63వ సెక్షను చెబుతూ, అది వ్యాపార లాభం కోసం చేసినది కాకపోతే న్యాయస్థానం తగిన కారణాలు చూపి శిక్షను తగ్గించవచ్చునని కూడా అంటుంది. శిక్ష తగ్గవచ్చునని అన్నదే తప్ప, అసలు తప్పే కాదని అనలేదు.

ఇది చదివి స్క్రిప్టును అటకెక్కించనక్కర్లేదు. స్టార్ వార్స్ విషయంలో హక్కుదారులు అభిమానుల సినిమాలను చాలాకాలంగా సహిస్తూనే ఉన్నారు. మొదటి సినిమా వచ్చిన మరుసటి ఏడాదే, అంటే 1978లో, అంతరిక్ష నౌకల స్థానంలో ఇస్త్రీపెట్టె, టోస్టరు వంటి ఇంటి సామాన్లు ఎగురుతూ కనిపించే ‘హార్డ్‌వేర్ వార్స్’ అనే పేరడీ వచ్చింది. 2002 నుంచి స్టార్ వార్స్ నిర్మాణ సంస్థ లూకాస్‌ఫిల్మే, ఆటమ్‌ఫిల్మ్స్ అనే పొట్టి చిత్రాల వెబ్‌సైటుతో కలిసి అభిమానుల చిత్రాలకు పోటీ పెట్టింది. అయితే మొదట్లో ఆ పోటీకి పేరడీలను, డాక్యుమెంటరీ తరహా చిత్రాలను మాత్రమే అనుమతించి, ఆ లోకంలోనే గంభీరంగా కొత్త కథ చెప్పేవాటిని 2007 వరకు దూరంగా ఉంచారు. దీని వెనుక లెక్క ఉందని నాకు అనిపిస్తుంది. అసలు కృతిని వెక్కిరించే పేరడీకి అమెరికా సుప్రీంకోర్టు 1994లో ఇచ్చిన తీర్పు అండ ఉంది. ‘ఆ తరువాత ఏం జరిగిందంటే’ అని చెప్పే కథ మాత్రం హక్కుదారు రేపు తానే అమ్ముకోదలచిన సరుకుకు మరీ దగ్గరగా వస్తుంది.

మీకు ఆచరణలో తగిలే మొదటి దెబ్బ బహుశా సంగీతం నుంచి రావచ్చు. 2018 చివర స్టార్ వార్స్ ప్రతినాయకుడు డార్త్ వేడర్ మీద వచ్చిన ఒక ఫ్యాన్ ఫిల్మ్ (అభిమానులు తీసిన చిత్రం) నిర్మాత ఆదాయమేమీ ఆశించలేదు, నేపథ్య సంగీతాన్ని కూడా కొత్తగా చేయించుకున్నాడు. అయినా అందులో స్టార్ వార్స్ సినిమాలలోని ‘ఇంపీరియల్ మార్చ్’ బాణీ వినిపిస్తోందని సంగీత హక్కుదారుల వైపు నుంచి యూట్యూబ్‌లో క్లెయిమ్ (ఇది మాది అనే ఫిర్యాదు) పడింది. దాంతో ఆ వీడియో మీద వచ్చే ప్రకటనల డబ్బు హక్కుదారులకు చేరే పరిస్థితి ఏర్పడింది. అభిమానులు పెద్దయెత్తున గోల చేశాక, 2019 జనవరిలో లూకాస్‌ఫిల్మ్ జోక్యంతో ఆ క్లెయిమ్‌ను ఉపసంహరించుకున్నారు. మీ వెనుక లక్షలాది అభిమానులు ఉండరు కదా! అందుకని ఆ బాణీల ఛాయ కూడా లేని సంగీతాన్ని మీ స్నేహితులలో కీబోర్డు వచ్చినవారి చేత చేయించుకోండి.

ప్రశ్న: ఇక్కడి తెలుగు మిత్రులం కలిసి స్టార్ ట్రెక్ మీద ఒక చిత్రం తీయాలనుకుంటున్నాం. ఖర్చుకు క్రౌడ్ ఫండింగ్ (ఆన్‌లైన్‌లో జనం దగ్గర చందాలు పోగుచేయడం) చేద్దామంటే ఒక మిత్రుడు ‘ఆక్సనార్ గుర్తుందా?’ అని ఆపేశాడు. ఏమిటా కథ?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: మీ మిత్రుడు మేలే చేశారమ్మా. 2014లో స్టార్ ట్రెక్ కథాలోకం మీద ‘ప్రిల్యూడ్ టు ఆక్సనార్’ అనే దాదాపు 20 నిమిషాల అభిమానుల చిత్రం వచ్చింది. దాన్ని చూపించి పూర్తి నిడివి చిత్రం కోసం కిక్‌స్టార్టర్, ఇండీగోగో ద్వారా 10 లక్షల డాలర్లకు పైగా పోగుచేశారు, ఆ సొమ్ముతో సొంత స్టూడియో కూడా ఏర్పాటు చేసుకోసాగారు. అంతవరకు అభిమానుల చిత్రాలను చూసీచూడనట్టు వదిలేసిన స్టార్ ట్రెక్ హక్కుదారులు సీబీఎస్, పారమౌంట్ సంస్థలు 2015 డిసెంబరులో దావా వేశాయి. ‘మావేవి తీసుకున్నారో స్పష్టంగా చెప్పండి’ అని ప్రతివాదులు అడిగితే, వల్కన్లనే గ్రహాంతరవాసుల మొనదేలిన చెవులు, యూనిఫారాలు, క్లింగాన్లనే మరో గ్రహాంతర జాతి కోసం కల్పించిన భాష, ఒక్క ఎపిసోడులో మాత్రమే కనిపించిన గార్త్ అనే పాత్రతో సహా సవరించిన దావాలో జాబితా కట్టి ఇచ్చారు. భాషకు కాపీరైటు ఏమిటని కృత్రిమ భాషల అభిమానుల సంఘం ఒకటి కోర్టుకు ప్రత్యేకంగా విన్నవించుకోవలసి వచ్చింది. ఆ విన్నపంలో అక్కడక్కడా క్లింగాన్ వాక్యాలు కూడా ఉండటం ఈ వ్యాజ్యంలో నాకు నచ్చిన ఘట్టం.

2017 జనవరి మొదటి వారంలో న్యాయమూర్తి ‘ఫెయిర్ యూజ్’ (అనుమతి లేకుండానే కొంత మేర వాడుకునేందుకు అమెరికా చట్టం ఇచ్చే మినహాయింపు) వాదన ఇక్కడ చెల్లదని తేల్చారు. జ్యూరీ విచారణ ఇంకా మొదలుకాకుండానే, అదే నెల 20న ఇరుపక్షాలు రాజీపడ్డాయి. ఆ రాజీ ప్రకారం పూర్తి నిడివి చిత్రం పోయి, 15 నిమిషాలకు మించని రెండు భాగాలు మాత్రమే మిగిలాయి.

వ్యాజ్యం నడుస్తుండగానే, 2016 జూన్‌లో ఆ సంస్థలు అభిమానుల చిత్రాలకు పది నియమాలు ప్రకటించాయి. కథ 15 నిమిషాలలో ముగియాలి. సాగదీస్తే రెండు భాగాలు కలిపి అరగంట దాటకూడదు, దానికి కొనసాగింపులు ఉండకూడదు. సేకరించే సొమ్ము 50,000 డాలర్లకు మించకూడదు. పనిచేసేవారు పారితోషికం తీసుకోకూడదు, అసలు సిరీస్‌లలో ఎన్నడూ పనిచేసినవారై ఉండకూడదు. ఈ చివరి షరతు నా దృష్టిలో మరీ కఠినం. ఎందుకంటే జార్జ్ టకే, వాల్టర్ కోనిగ్ వంటి అసలు నటులే వచ్చి నటించిన ‘న్యూ వాయేజెస్’ వంటి అభిమానుల సిరీస్ ఇకపై రాదు. ఏమైనా ఇవి చట్టం కల్పించిన హక్కులు కావు, వీటిని పాటిస్తే అభ్యంతరం చెప్పబోమని హక్కుదారులు ఇచ్చిన మాట మాత్రమే. నిధుల సేకరణ మొదలుపెట్టేముందు ఆ పదింటినీ చదివి, తాజా మార్పులేమైనా ఉన్నాయేమో చూసుకోండి.

ప్రశ్న: సూపర్‌హీరోల మీద అభిమానులు తీసినవాటిలో చూసి తీరవలసినవి చెప్పగలరా? మన దేశంలో ఎవరైనా తీశారా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: 2003లో శాన్ డియెగో కామిక్‌కాన్‌లో తొలిసారి ప్రదర్శించిన ‘బ్యాట్‌మ్యాన్: డెడ్ ఎండ్’తో మొదలుపెట్టండి. సుమారు 8 నిమిషాలే. దర్శకుడు శాండీ కొలోరా బ్యాట్‌మ్యాన్‌కు ఆనాటి పెద్ద సినిమాలలోని రబ్బరు కవచం కాకుండా కామిక్స్‌లో బొమ్మ వేసినట్టే బూడిదరంగు బట్ట తొడిగాడు. వానలో తడుస్తున్న సందులో ఆ బట్ట కింద కండరాల కదలిక కనిపిస్తుంటే, బొమ్మల పుస్తకంలోని మనిషే లేచి వచ్చాడనిపిస్తుంది.

మన దేశంలోనైతే మహారాష్ట్రలోని మాలేగావ్ గురించి తెలుసుకోవాలి. మరమగ్గాల ఊరు అది. అక్కడి నాసిర్ షేక్, అతని మిత్రులు కలిసి ‘మాలేగావ్ కా సూపర్‌మ్యాన్’ తీశారు. కథానాయకుడు బక్కపలచని మరమగ్గాల కార్మికుడు, ప్రతినాయకుడు ఊరిని పొగాకుతో నింపేవాడు. ఆ చిత్రం తయారైన తీరును ఫైజా అహ్మద్ ఖాన్ ‘సూపర్‌మెన్ ఆఫ్ మాలేగావ్’ అనే డాక్యుమెంటరీగా తీశారు. ముందు డాక్యుమెంటరీ చూసి, తరువాత అసలు చిత్రం చూస్తే రెండింతలు ఆనందిస్తారు.

ప్రశ్న: ఇంగ్లీషు ఫ్యాన్ ఫిల్మ్ ఒకదానికి తెలుగు డబ్బింగ్ చెప్పి నా ఛానల్‌లో పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఆ చిత్రం తీసినవారిని అడగకుండా వద్దు. వారు ఒప్పుకున్నా, తమ శ్రమ మేరకే అనుమతి ఇవ్వగలరు. తమది కాని పాత్రల మీద హక్కును మీకు ధారాదత్తం చేయలేరు. అంతకంటే తెలుగు సబ్‌టైటిళ్లు తయారుచేసి వారికే పంపితే, తమ వీడియోకు జతచేసుకునే వీలు యూట్యూబ్‌లో ఉంది. ఉత్తరంలో మీ పేరును కృతజ్ఞతలలో వేయమని అడగడం మరిచిపోకండి.