ఆ మాట మీ కోడలికి తెలియదు

ప్రశ్న: మాది నల్లగొండ. వయసు 61. మా ఆయన పోయి మూడేళ్లయింది. కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం, శనివారం వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్తాడు. కోడలు ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకుంటుంది. రోడ్డు మీద దెబ్బతిన్న కుక్కలను తెచ్చి, బాగయ్యేదాకా ఇంట్లో పెట్టుకుని, తర్వాత ఎవరికైనా ఇచ్చేస్తుంది. దీన్ని ఫాస్టరింగ్ అంటారట. పూజ చేసుకునే ఇంట్లో ఇదేంటని మొదట్లో గొడవపడ్డాను. నాలుగు నెలల కింద నార్కట్‌పల్లి దగ్గర హైవే మీద వెనక కాలు విరిగిన నల్ల కుక్కను తెచ్చింది. ఏడాదిన్నర ఉంటుందని డాక్టరు చెప్పాడట. కోడలు మీటింగుల్లో ఉంటే కట్టు చూసింది, తిండి పెట్టింది నేనే. ఒకసారి పుండు తుడుస్తుంటే చెయ్యి కొరికింది. పసుపు అద్దుకుని ఊరుకున్నా, ఎవరికీ చెప్పలేదు. కాలు బాగైతే వస్తానని చెర్వుగట్టు రామలింగేశ్వరునికి మొక్కుకుని, అమావాస్యకు పోయి వచ్చాను. పైకి మాత్రం "ఇది ఎప్పుడు పోతది" అని విసుక్కుంటూనే ఉంటా. ఇప్పుడు దాన్ని హైదరాబాద్‌లో ఎవరికో ఇస్తారట, వచ్చే నెలలో తీసుకెళ్తారట. నన్ను ఒక్క మాట అడగలేదు. రాత్రిళ్లు నిద్ర లేదు. కోడలితో మాట్లాడటం మానేశాను. కుక్క కోసం ఏడుస్తున్నానంటే నలుగురూ నవ్వుతారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ కాటు సంగతి. మీరు ఒక్క మాటలో దాటేశారు గానీ నేను అక్కడే ఆగిపోయాను. కరిచిన కుక్క పది రోజుల తర్వాత కూడా ఆరోగ్యంగా తిరుగుతుంటే ఆ కాటుతో రేబిస్ రాదు. మీది కొరికి పది రోజులు దాటి, ఇప్పటికీ బాగానే ఉంటే ఆ భయం పెట్టుకోవద్దు. కానీ కొరికిన రోజున మీకు ఆ సంగతి తెలియదు కదా! రోడ్డు మీది నుంచి వచ్చిన కుక్క పన్ను దిగినా, గోరు గీరుకుని రక్తం కనిపించినా కుళాయి కింద చెయ్యి పెట్టి సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం, ఆకు పసరు ఏదీ పెట్టొద్దు. అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్తే ఉచితంగా ఇంజెక్షన్ వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే గాయం చుట్టూ వేసే ఇమ్యూనోగ్లోబ్యులిన్ అనే మందు కూడా కావాలి. మిగిలిన డోసులు చెప్పిన తారీఖుల్లో తప్పకుండా వేయించుకోవాలి. రేబిస్ లక్షణాలు ఒకసారి మొదలైతే మనిషి బతకడం దాదాపు అసాధ్యం. మీ ఇంటికి ఇలాంటి కుక్కలు వస్తూనే ఉంటాయి కాబట్టి, కాటు పడకముందే వేయించుకునే టీకా గురించి మీరూ కోడలూ ఒకసారి డాక్టరును అడగండి.

ఇక మీ బాధ. దీనికి నవ్వేవాళ్లు నవ్వనీయండి. నాలుగు నెలల పాటు పుండు కడిగి, కట్టు తడవకుండా కాపాడి, మొక్కు మొక్కి, ఆ మొక్కు తీర్చుకుని వచ్చిన మనిషికి ఆ ప్రాణి వెళ్లిపోతోందంటే ఏడుపు రాకపోతేనే ఆశ్చర్యం. పైగా మీ ఆయన పోయాక వారంలో అయిదు రోజులు మీ పలకరింపు కోసం ఎదురుచూసింది అదే. పొద్దున లేవగానే చేయడానికి ఒక పని, మాట్లాడటానికి ఒక ముఖం ఉన్నాయి. ఆ రెండూ ఒకేసారి పోతాయన్న భయం మీ నిద్ర పట్టనివ్వడం లేదని నాకనిపిస్తోంది.

మీ కోపంలో న్యాయం ఉంది. ఎవరు తెచ్చారన్నది పక్కనపెడితే, చూసుకున్నది మీరు. ఇచ్చే ముందు మిమ్మల్ని కూర్చోబెట్టి అడగాల్సింది. అది మీ కోడలి పొరపాటే.

కానీ మీరే రాసిన ఇంకో మాట చూడండి. "ఇది ఎప్పుడు పోతది" అని రోజూ ఆమె వినేలా విసుక్కున్నారు. ఆమె ఆ మాటే నమ్మింది. అత్తమ్మకు ఇబ్బందిగా ఉంది, వీలైనంత తొందరగా మంచి ఇల్లు చూడాలని ఆమె తిరుగుతూ ఉండవచ్చు. మీరు చెర్వుగట్టుకు ఎందుకు వెళ్లారో ఆమెకు చెప్పారా? మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. చెప్పి ఉండరనుకుంటాను. కాటు సంగతే దాచినవారు మొక్కు సంగతి చెబుతారా? ఇప్పుడు మీరు మాట్లాడటం మానేస్తే, కుక్క ఇంకా ఇంట్లోనే ఉన్నందుకు మీరు అలిగారని ఆమె అనుకుంటుంది. వచ్చే నెలకు బదులు వచ్చే వారమే పంపించేసినా నేను ఆశ్చర్యపోను.

కాబట్టి ఇవాళే మాట్లాడండి. కొడుకు వచ్చేదాకా ఆగొద్దు, అతని చేత చెప్పించొద్దు. ఆమె లాప్‌టాప్ మూసిన తర్వాత, ఇద్దరూ టీ తాగేటప్పుడు చెప్పండి. ఎక్కువ మాటలు అక్కర్లేదు. "బిడ్డా, నేను పైకి తిట్టిన గానీ దాని మీద నాకు పాణమైంది. పంపిస్తవని తెలిసిన కాన్నుంచి నిద్ర పడ్తలేదు. పంపే ముందు నాతో ఒక్కసారి మాట్లాడు." ఇంతే. నన్ను అడగలేదేం అన్న మాటతో మొదలుపెట్టకండి. ఆ మాట న్యాయమైనదే అయినా, దానితో మొదలైతే సంభాషణ లెక్కలు తేల్చుకోవడం వైపు పోతుంది. కాటు విషయం కూడా అప్పుడే చెప్పేయండి. కోప్పడుతుంది, పడనివ్వండి.

తర్వాత వచ్చే ప్రశ్న: ఉంచుకోవాలా, ఇవ్వాలా? నన్నడిగితే ఉంచుకోమనే అంటాను, అయితే మీ కోడలు మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే. దానికింకా పదేళ్ల పైన ఆయుష్షు ఉండొచ్చు. అప్పటికి మీకు 70 దాటుతుంది. బలంగా ఉన్న కుక్క ఒక్కసారి గొలుసు లాగితే ఈ వయసులో కింద పడి తుంటి ఎముక విరగ్గొట్టుకునే ప్రమాదం ఉంది. బయట తిప్పడం కోడలు పని, లేదంటే కొడుకు ఉన్న రోజుల్లో అతని పని. తిండి, ఇల్లు మీ పని. ఏటేటా రేబిస్ టీకాకు, మిగతా టీకాలకు తీసుకెళ్లేది ఎవరు? మీరు కొడుకు దగ్గరికి వెళ్తే దాన్ని చూసేది ఎవరు? ఇవన్నీ ముందే తేల్చుకోవాలి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కాకపోయుంటే అదీ చేయించండి.

ఇంకో సంగతి ఉంది, ఇది మీ కోడలి వైపు నుంచి. ఆమె ఇచ్చేయాలనడం మనసు లేక కాదు. ఒకటి ఉండిపోతే, రోడ్డు పక్కన పడి ఉన్న ఇంకోదానికి మీ ఇంట్లో చోటు తగ్గుతుంది. మన దగ్గర పరిస్థితి మీకు తెలియంది కాదు. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో ఒక్క రాత్రిలో సుమారు 20 కుక్కలను తుపాకీతో కాల్చి చంపారు. అటువంటి చోట ఊరకుక్కకు ఇంట్లో ఒక మూల ఇవ్వడమంటే చిన్న విషయం కాదు. అందుకే దీన్ని ఉంచుకుంటే ఆ పని ఆగిపోకుండా చూడండి. కొత్తగా వచ్చేదాన్ని కనీసం రెండు వారాలు వేరే అర్రలో పెట్టాలి, గిన్నెలు వేరుగా ఉండాలి, గోమార్లకు మందు వేయించాలి. కుక్కపిల్లలకు వచ్చే పార్వో వైరస్ గచ్చు మీద నెలల తరబడి బతుకుతుంది. మామూలు ఫినాయిల్ సరిపోదు, బ్లీచింగ్ నీళ్లతో కడగాలి. ఇంట్లో ఉన్నదానికి టీకాలన్నీ పూర్తయ్యాకే కొత్తదాన్ని గడప దాటించండి.

ఒకవేళ ఇచ్చేయాలనే ఇద్దరూ అనుకుంటే, ఈసారి మిమ్మల్ని పక్కన పెట్టొద్దని అడగండి. తీసుకునేవారి ఇల్లు చూడటానికి కోడలితో పాటు మీరూ వెళ్లండి. ఇంట్లో అందరికీ ఇష్టమేనా, అద్దె ఇల్లయితే ఓనరు ఒప్పుకున్నారా, పగలంతా తాళం వేసుకుని పోతారా అని మొహమాటం లేకుండా అడగండి. దత్తత తీసుకున్న వీధికుక్క మళ్లీ రోడ్డు మీదికి రాకుండా చూసే బాధ్యత తీసుకున్నవారిదేనని 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఏ కారణంతో వద్దనిపించినా వేరేవాళ్లకు ఇవ్వకుండా మీకే తిరిగి ఇవ్వాలని కాగితం మీద రాయించుకోండి. అది పడుకునే పాత చీరను ఉతక్కుండా పంపండి, మీ ఇంటి వాసన ఉంటే కొత్తచోట తొందరగా కుదురుకుంటుంది. ఏ వేళకు తింటుందో, పెరుగన్నమా, రొట్టె ముక్కలా అన్నది మీరే స్వయంగా చెప్పండి. మీకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. మొదట్లో కొన్నాళ్లు అది సరిగా తినకపోవచ్చు, దాక్కోవచ్చు. ఫోన్‌లో ఆ మాట వినగానే వెనక్కి తెమ్మని పట్టుబట్టకండి.

ఏది నిర్ణయించుకున్నా తొందరపడి ఒక్క రాత్రిలో తేల్చొద్దు. ఒక పదిహేను రోజులు గడువు అడగమని కోడలితో చెప్పండి. అవతలివాళ్లు ఆశ పెట్టుకుని ఉంటారు కాబట్టి, వాళ్లు బండి మాట్లాడుకోకముందే ఫోన్ చేయించండి.